గుడ్ల పెట్టెకు దారి

ఆపరేషన్ మాట ఎత్తితే చాలు, ఎల్లమ్మకు గుడ్లు గుర్తొచ్చేవి. పిత్తాశయంలో రాళ్లు పేరుకున్నాయి, ఇంకా జాగు చేస్తే ప్రాణం మీదికి వస్తుందని హైదరాబాద్ డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. ఆయన తేదీ ఇచ్చినప్పుడల్లా ఎల్లమ్మ వేళ్లు మడిచి లెక్క చూసుకుని, "గప్పుడు గుడ్లు పెట్టెల ఉంటయి, నాతోని కాదు" అని తేల్చేసేది. నొప్పి లేచినప్పుడు మాత్రం పొయ్యి గట్టు పట్టుకుని వంగిపోయి, కోడలు చూస్తుందేమోనని పళ్లు బిగపట్టేది. కోడలు ప్రణీత చూడనే చూసేది. చూసి కూడా అత్త పరువు తీయకుండా అటు తిరిగి నీళ్లు వేడి చేసేది.

ఇంతకీ ఆ గుడ్లంటే ఆషామాషీ గుడ్లు కావు. జహీరాబాద్‌లో ముంబై రోడ్డుకు వెనకగా ఉన్న ఆ ఇంటికి కోహీర్ నుంచి, మొగుడంపల్లి నుంచి ఆడవాళ్లు నాటుకోడి గుడ్లను గంపల్లో ఊక పరిచి తెచ్చేవాళ్లు. ఎల్లవ్వ చేతిలో పెడితే పిల్ల లేస్తుందని పేరు. ఒకప్పుడు గంపల కింద పొదుగు కోళ్లను కూర్చోబెట్టి చేసేది. ప్రణీత కాపురానికి వచ్చాక బీదర్‌లో ఒక మెకానిక్ చేత పొదిగే పెట్టె చేయించి పెరటి గదిలో పెట్టించింది. వేడి ఎంత ఉందో, తడి ఎంత ఉందో చూపే మిషన్ దానికి ఉంది. లోపల చిన్న బల్బు, కెమెరా, గుడ్లను మెల్లగా అటూ ఇటూ ఒరిగించే అర ఉన్నాయి. ఇంట్లో వైఫై అందినంత మేర ఫోన్‌లో పెట్టె పేజీ తెరిస్తే అన్నీ కళ్లకు కట్టినట్టు కనబడతాయి. గడప దాటి నాలుగడుగులు వేస్తే మాత్రం ఏమీ కనబడదు.

కోడి తన గుడ్లను ముక్కుతో తిప్పుకుంటూ ఉంటుంది. పిల్ల బయటికి వచ్చే వేళ దగ్గరపడగానే తిప్పడం మానేస్తుంది. లోపల పిల్ల తల సర్దుకుని, పెంకు పగలగొట్టే వైపు చూసుకునే సమయం అది. అప్పుడు కూడా తిప్పుతూ పోతే పాపం దానికి ఎటు పోవాలో తెలియదు, లోపలే చచ్చిపోతుంది. పెట్టెలో ఆ తిప్పుడును ఒక బటన్ నొక్కి ఆపాలి. అందరూ క్యాలెండర్ చూసి ఆపుతారు. ఎల్లమ్మ గుడ్డును చూసి ఆపుతుంది. బల్బు వెలుగులో రెప్ప వేయకుండా చూస్తూ ఉంటే, ఏదో ఒక గుడ్డు తనంతట తాను, ఎవరో లోపలి నుంచి భుజంతో తోసినట్టు, కాస్తంత కదులుతుంది. అది చూశాకే ఆమె వేలు బటన్ మీద పడేది. ఎండ ముదిరితే గుడ్డు ముందే కదలవచ్చు, ముసురు పడితే వెనకబడవచ్చు. ఆ సంగతి క్యాలెండర్‌కు ఎక్కడ తెలుస్తుంది?

ఆ బటన్‌ను ఇంకెవరూ ముట్టుకోకూడదు, కోడలైనా సరే. మొగుడు రామ్‌కిషన్‌కైతే ఆ గది గడప తొక్కే హక్కే లేదు. ఒకసారి ఆయన ముచ్చటపడి మూత తెరిచి చూస్తూ నిలబడిపోయినందుకు సగం గుడ్లు చల్లబడి పాడయ్యాయి. ఊళ్లో ఎవరికీ పండనంత అల్లం ఆయన చేలో పండితే పండనీ, పెట్టె విషయంలో ఆయనకు ఇంట్లో చిల్లిగవ్వంత పరపతి లేదు.

ఈసారి డాక్టరు ఇచ్చిన తేదీ సరిగ్గా గుడ్లు కదిలే రోజుల్లోనే పడింది. ఎల్లమ్మ ససేమిరా అంది. లారీ మీద ముంబై దారిలో ఉన్న కొడుకు రాకేశ్ ఫోన్‌లో బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి ఏడుపు గొంతు పెట్టాడు. ఆమె చలించలేదు. నలుగురి ఇళ్ల గుడ్లు తన దగ్గర పెట్టుకుని, వాటిని గాలికి వదిలేసి పోయి మంచమెక్కడమేమిటని ఆమె వాదన.

అప్పుడు ప్రణీత వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అత్తమ్మా, మీరు దవాఖాన్ల మంచం మీద పండుకొని గుడ్లను చూస్తే? మీ చేతితోనే బటన్ ఒత్తితే? గప్పుడు వస్తరా?"

"హైదరాబాద్ కెల్లి ఈడి గుడ్లు ఎట్ల కనవడ్తయి?"

"కనవడేటట్టు నేను చేస్త. కనవడితే వస్తరా, రారా? జర మాటియ్యిండ్రి."

ఎల్లమ్మ కోడలి ముఖంలోకి చూసింది. ఆ పిల్ల ఊరికే మాట విసిరేసే రకం కాదు. "నా కండ్లతోని చూసినంక చెప్త" అంది.

ప్రణీత బడిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంది. ఎండాకాలం సెలవులు కాబట్టి తీరికగానే ఉంది. హాలులో టీవీ పక్కన మేకుకు వేలాడుతున్న వైఫై డబ్బాను దించి, దాని అడుగున అంటించిన చీటీ మీది పాస్‌వర్డ్ చూసుకుని, ల్యాప్‌టాప్‌లో డబ్బా లోపలి పేజీ తెరిచింది. ఎల్లమ్మ చాట పక్కన పెట్టి వచ్చి కూర్చుంది.

"గిది ఏం జేస్తది?"

"మన గడప కాడ ఈ డబ్బా కావలి ఉన్నదనుకోండ్రి అత్తమ్మా. లోపలోళ్లు పిలిస్తేనే ఎవలనన్న రానిస్తది. పిలువకుంట బయటినుంచి వస్తే, ఎవల కోసమొచ్చిండో దానికి తెల్వదు, వాపస్ తోలుతది."

"మంచిదే గద. కావలంటే గట్లనే ఉండాలె."

"మంచిదే. గని ఇప్పుడు బయటినుంచి వచ్చేది మనమే. గందుకే దానికి ముందుగాల చెప్పి పెడుతున్న. ఫలానా నంబర్ తలుపు ఎవలన్న కొడితే అడ్డం రాకు, సీదా పెరటి అర్రల గుడ్ల పెట్టె కాడికి తోలు అని. దీన్నే పోర్ట్ ఫార్వర్డింగ్ అంటరు."

తలుపు అంటే ఎల్లమ్మకు వెంటనే గొళ్లెం గుర్తొస్తుంది.

"నంబర్ తెలిసిన ఇంకొకడెవడన్న వస్తే? వచ్చి బటన్ ఒత్తితే?"

ప్రణీత వేళ్లు ఆగిపోయాయి. పెట్టె పేజీకి పాస్‌వర్డ్ ఉన్నమాట నిజమే గాని, అది బీదర్ మెకానిక్ తను చేసిన పెట్టెలన్నింటికీ ఒకటే పెట్టిన పాస్‌వర్డ్. "నేను గదే మర్చిపోయిన అత్తమ్మా. తలుపు తెరుస్తున్న గని తాళం సంగతి యాదికి రాలె" అని నాలుక కరుచుకుని, ఎవరూ ఊహించలేని పాస్‌వర్డ్ ఒకటి పెట్టేసింది. తర్వాత ఇంట్లో గుడ్ల పెట్టెకు డబ్బా ఇచ్చిన నంబరు చూసి ఒక గడిలో కొట్టింది, బయటి తలుపు నంబరు ఇంకో గడిలో కొట్టింది, సేవ్ నొక్కింది. ఆ చకచకా పోయే వేళ్లను చూస్తుంటే ఎల్లమ్మకు ముచ్చటేసింది. తప్పు పట్టుకుంటే ముఖం ముడుచుకోకుండా నవ్వి సరిదిద్దుకునే తీరు ఇంకా నచ్చింది. ఆ మాట పైకి అంటే కోడలు నెత్తికెక్కుతుందేమోనని ఊరుకుంది.

ఇంట్లో కూర్చుని చూస్తే అది పరీక్ష కాదని, ప్రణీత అత్తను గల్లీ చివరికి తీసుకుపోయింది. ఫోన్‌లో వైఫై ఆపి, పేజీ తెరిచింది. ఓ చక్రం తిరిగింది, తిరిగింది, ఆగిపోయింది. గుడ్లు లేవు, గూళ్లు లేవు. ప్రణీత ఏవో రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి చూసి తల పట్టుకుంది.

"మన డబ్బాకు నెట్‌ల సొంత అడ్రస్సే లేదు అత్తమ్మా. బస్వరాజన్న గల్లీకంత కలిపి ఒక్కటే అడ్రస్ నడిపిస్తున్నడు. మనం మన ఇంటికి తలుపు పెట్టినం, గని వచ్చెటోడు బస్వరాజన్న దుకాణం కాడనే ఆగిపోతున్నడు."

"అయితే నడువు, బస్వరాజ్ కాడికే పోదాం" అని ఎల్లమ్మ కొంగు బిగించింది.

బస్వరాజ్ ఆ వాడకు కేబుల్, నెట్ లైన్లు ఇచ్చే మనిషి. వైర్ల చుట్టల నడుమ కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ప్రణీత చెప్పింది విని, "ఒక్క ఇంటికి అలగ్ అడ్రస్ ఎవలడుగుతరు చెల్లె? పెద్ద పెద్ద ఆఫీసులోళ్లు తీసుకుంటరు. కెమెరా కోసమైతే యాప్ ఉన్నది పెట్టుకోండ్రి" అన్నాడు.

"మా పెట్టెకు యాప్ లేదన్నా. అడ్రస్సులు నీ కాడ ఉన్నయా లేవా?"

"ఉన్నయి గని..."

"గుడ్లు చూసెతందుకు బస్వరాజ్" అని ఎల్లమ్మ అందుకుంది. గుడ్డు ఎట్లా కదులుతుందో, ఆ కదలిక ఎవరికీ ఎందుకు కనబడదో, తను లేకపోతే ఏమవుతుందో, తన కడుపులో రాళ్లతో సహా అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ అరచేతిలో గుడ్డు ఉన్నట్టే పట్టుకుని ఇంత కదిలించి చూపించింది. బస్వరాజ్ చాయ్ చల్లారిపోయింది. అతను గ్లాసు పక్కన పెట్టి పై ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"హా సార్, ఒక అడ్రస్ కావాలె... ఆఫీసుకు కాదు సార్, ఇంటికే... కెమెరాలు కావు సార్, గుడ్లు... గుడ్లు సార్, కోడిగుడ్లు! మీరు నవ్వితే నవ్వుండ్రి గని అడ్రస్ మాత్రం ఇయ్యిండ్రి." ఫోన్ పెట్టేసి ఎల్లమ్మ వైపు తిరిగాడు. "ఇచ్చిన్రు అవ్వా. నా లైన్ల మీద క్రికెట్ చూసెటోళ్లను చూసిన, సీరియల్ చూసెటోళ్లను చూసిన. గుడ్లు చూసెటోళ్లు మీరే మొదలు."

దుకాణం ముందే నిలబడి ప్రణీత ఆ కొత్త అడ్రస్‌తో మళ్ళీ పేజీ తెరిచి ఫోన్ అత్త చేతిలో పెట్టింది. ముంబై రోడ్డు మీద లారీలు చెవులు పగిలేలా హారన్లు కొడుతున్నాయి. ఆ గోల మధ్య, ఎల్లమ్మ అరచేతిలో ఆమె గుడ్లు వరుసగా, పచ్చటి బల్బు వెలుగులో, ప్రశాంతంగా ఉన్నాయి. పైన వేడి, తడి అంకెలు. కింద ఆమె బటన్. ఇక్కడ నిలబడి తన పెరటి గదిలోకి తొంగి చూస్తున్నానని నమ్మడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.

"ఎట్లున్నది అత్తమ్మా?"

"బరాబరున్నది" అంది ఎల్లమ్మ. అంతకంటే ఎక్కువ ఆమె ఎవరినీ ఎన్నడూ మెచ్చుకోలేదు. "డాక్టర్‌కు చెప్పు, వస్తున్నమని."

అంతా సాఫీగా అయిందనుకున్నారు. కానీ నాలుగు రోజులకు ఎల్లమ్మ కోహీర్ వైపు ఉన్న అల్లం చేనుకు పోయి, మట్టి బోదెలు తోలిస్తున్న రామ్‌కిషన్‌కు గొప్పగా చూపిద్దామని ఫోన్ తెరిస్తే, చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. రామ్‌కిషన్ మొహమాటంగా "ఎండకు కనవడ్తలేదేమో" అన్నాడు. ఇంటికి వచ్చి చెబితే ప్రణీత డబ్బా పేజీలో మళ్ళీ అన్నీ సరిచేసింది, మళ్ళీ పనిచేసింది. ఇంకో రెండు రోజులకు మళ్ళీ ఆగిపోయింది. ప్రణీత పోయి బస్వరాజ్‌తో పోట్లాడింది. తన లైన్‌లో దోషం లేదని అతను ఒట్టు పెట్టాడు. ఎల్లమ్మకు చిరాకెత్తిపోయింది.

"ఇయ్యాల కనవడి రేపు కనవడనిదాన్ని నమ్ముకొని ఎట్ల పోవాలె? నేను రాను. తేదీ మార్పియ్యి."

"అత్తమ్మా, డాక్టర్ ఏమన్నడో యాదికి లేదా? ఇంగ ఆగొద్దన్నడు."

"గుడ్లు సుత ఆగయి."

ప్రణీత కళ్లల్లో నీళ్లు తిరగడం ఎల్లమ్మ చూసింది. గట్టిగా నోరు చేసుకునే కోడలైతే బదులు చెప్పడం తేలిక. ఈ పిల్లతో ఆ సౌకర్యం కూడా లేదు. ఎల్లమ్మ విసురుగా లేచి పెరట్లోకి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం మబ్బు పట్టింది. ప్రణీత హాలులో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, తప్పు ఎక్కడుందో వెతుకుతూ ఉంది. ఎల్లమ్మ చింతపండు గింజలు తీస్తోంది. ఎక్కడో దూరంగా, బీదర్ వైపు, ఒక ఉరుము ఉరిమింది. ఎల్లమ్మ చేతిలో గింజ చేతిలో ఉండగానే లేచింది, టీవీ ప్లగ్గు పీకింది, వైఫై డబ్బా ప్లగ్గు పీకింది, వచ్చి మళ్ళీ చింతపండు ముందు కూర్చుంది. తను లేచిన సంగతి ఆమెకే పట్టినట్టు లేదు. ప్రణీత తల తిప్పి అత్తనే చూస్తోంది.

"ఉరుమితే డబ్బా ప్లగ్గు సుత పీకుతరా అత్తమ్మా?"

"పీకనా మరి? పెండ్లయిన కొత్తల పిడుగు వైరు పట్టుకొని ఇంట్లకొచ్చి టీవీ ఫట్టున పేలింది. మీ మామయ్య కాళ్ల కాడనే. గప్పటి సంది ఉరుము ఇనవడితే ఈ ఇంట్ల ప్లగ్గులు ఉండయి. మీ మామయ్యకు సుత గదే నేర్పిన."

గుడ్ల పెట్టె ప్లగ్గు మాత్రం ఆమె ముట్టదు. అది పీకితే గుడ్లను పీక నులిమినట్టే కదా.

ప్రణీత నుదురు కొట్టుకుని పకపకా నవ్వింది. ఉరుములు ఆగాక ప్లగ్గులు పెట్టించి, డబ్బా పేజీ తెరిచి అత్తకు చూపించింది. ఈ చవక డబ్బాకు కరెంటు పోతే అంతా మతిమరుపే. మళ్ళీ లేచాక ఇంట్లో ఉన్న ఫోన్లకు, టీవీకి, పెట్టెకు కొత్తగా నంబర్లు పంచుతుంది. పెళ్లి బంతిలో విస్తరి ముందు కూర్చున్నట్టు, ఎవరు ముందొస్తే వాళ్లది ఆ చోటు.

"బయటినుంచి వచ్చెటోన్ని ఫలానా చోటికి తోలుమని నేను చెప్పిన. ఆ చోట్ల పెట్టె కూసున్నప్పుడు గుడ్లు కనవడ్డయి. మీరు పీకి పెట్టినంక టీవీ ముందుగాల లేచి ఆ చోట్ల కూసున్నది. ఇప్పుడు వచ్చెటోడు టీవీ కాడికి పోతున్నడు. టీవీకి ఏం తెల్సు గుడ్ల సంగతి?"

ఎల్లమ్మ ముఖం చిన్నబోయింది. "అయితే అంతా నేనే ఖరాబ్ చేసిన్ననా? నా చేతులతోని నేనే చేసుకుంట, అనవసరంగ బస్వరాజ్‌ను తిట్టిపిస్తినే."

ఇక ప్లగ్గులు పీకొద్దని కోడలు అంటుందని ఎల్లమ్మ ఎదురుచూసింది. అనడానికి ఆమెకు హక్కు ఉంది కూడా. అన్నా తన చేయి ఊరుకుంటుందా అంటే అది వేరే సంగతి.

"మీరు పీకుడు బందు చెయ్యకుండ్రి" అంది ప్రణీత. "మీరు పీకబట్టే గీ డబ్బా ఇన్నేండ్లు మాడిపోకుంట బతికింది. చోటే రాసి పెడత. ప్రతి సామాన్‌కు పుట్టుకతోని ఒక నంబర్ ఉంటది. ఈ నంబర్ ఉన్న పెట్టెకు ఈ చోటే, అది లేటుగ వచ్చినా ఇంకెవ్వలు కూసోవద్దని డబ్బాకు చెప్తే అయిపోతది."

రాసి పెట్టింది. ఆ తర్వాత అత్త చేతనే ప్లగ్గు పీకించింది. టీవీ ముందు లేచేలా, ఫోన్లన్నీ ముందు అందుకునేలా, పెట్టె అందరికంటే చివర వచ్చేలా చేసి, అత్తను గల్లీ చివరికి తీసుకుపోయింది. పేజీ తెరుచుకుంది. గుడ్లు కనబడ్డాయి. మళ్ళీ పీకించింది, మళ్ళీ చూపించింది. గుడ్లు ఎక్కడికీ పోలేదు.

గల్లీ చివర నిలబడి ఎల్లమ్మ ఫోన్‌ను కాక కోడలిని చూసింది. ఇన్నేళ్లలో ఎందరో ఆమెకు బుద్ధి చెప్పబోయారు. అట్ల చెయ్యకు, ఇట్ల ఉండకు, కాలం మారింది అన్నవాళ్లే అందరూ. ఈ పిల్ల ఒక్కతే మనిషిని మార్చబోకుండా, ఆ మనిషి ఎట్లా ఉందో అట్లాగే ఉండనిచ్చి, మిషన్‌ను దానికి తగ్గట్టు సర్దింది. ఇంత తెలివి, ఇంత ఓర్పు ఒకే మనిషిలో ఎట్లా కుదిరాయో ఎల్లమ్మకు అర్థం కాలేదు. "నడువు, బట్టలు సర్దుకుందాం" అని మాత్రం అంది.

హైదరాబాద్ దవాఖానాలో ఎల్లమ్మను కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టి చేతికి సూది గుచ్చారు. పొద్దున ఆమె పేజీ తెరిచి చూసుకుంది. గుడ్లు ఇంకా కదల్లేదు గాని కదిలే వేళ దగ్గరకొచ్చింది. వాటి తీరు చూస్తేనే ఆమెకు తెలుస్తుంది. నర్సు వచ్చి, ఇంకాసేపట్లో లోపలికి తీసుకుపోతామని చెప్పి వెళ్ళింది. చివరిసారి చూద్దామని ఎల్లమ్మ మళ్ళీ ఫోన్ అందుకుంది.

చక్రం తిరిగింది, తిరిగింది, ఆగిపోయింది.

ప్రణీత వెంటనే రామ్‌కిషన్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"ఈడ మస్తు ఉరుములు బిడ్డా!" అన్నాడు ఆయన హుషారుగా. "ఫికర్ చెయ్యకుండ్రి. మీ అత్తమ్మ చెప్పినట్టు ప్లగ్గులన్ని పీకిన. పెట్టె నడుస్తున్నది, ఇన్వర్టర్ మీద. నేనైతే అర్రల అడుగు పెట్టలే, కిటికీల కెల్లి చూసిన."

"మామయ్యా, జర డబ్బా ప్లగ్గు పెట్టుండ్రి. ఒక్క నిమిషం చాలు, అత్తమ్మ చూసుకుంటది."

"అమ్మో! ఉరుముల? మీ అత్తమ్మ నన్ను బతకనిస్తదా? ఆమెతోని చెప్పియ్యి, పెడత."

ప్రణీత ఫోన్ అత్త ముఖం దగ్గర పెట్టింది. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో పెళపెళమని ఉరుము వినబడింది. ఇద్దరు మనుషులు చక్రాల మంచం తోసుకుంటూ లోపలికి వచ్చి, ఎల్లమ్మ పేరు పిలిచారు.

"పెట్టాల్నా ఎల్లవ్వా? చేతుల్నే ఉన్నది ప్లగ్గు" అన్నాడు రామ్‌కిషన్.

ఒక్క మాట చాలు. ఆయన పెడతాడు, గుడ్లు కనబడతాయి, ఆమె నిశ్చింతగా లోపలికి పోతుంది. కానీ ప్లగ్గు పట్టుకుని నిలబడిన మనిషి ఆమె కళ్లకు కట్టినట్టు కనబడ్డాడు. ఇంకో దారి కూడా ఉంది. ఇయ్యాల వద్దు, ఇంకో తేదీ చూడండ్రని చెప్పి మంచం దిగి ఇంటికి పోవచ్చు. కోడలు ఆ మాట కోసమే భయపడుతూ ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. అయినా బతిమాలలేదు.

"వద్దయ్యా" అంది ఎల్లమ్మ ఫోన్‌లోకి. "ఉరుము పూర్తిగ ఆగినంకనే పెట్టు. నువ్వు గోడకు దూరంగుండు."

ఫోన్ కోడలి చేతిలో పెట్టి ఆ చేతిని మూసింది.

"ఇగ నువ్వే చూడాలె."

"అత్తమ్మా, నేనా? నేనెప్పుడు ఒత్తలే. తప్పయితే ఎట్ల?"

"గుడ్డు కదిలితే ఒత్తు, కదలకుంటే ఒత్తకు. క్యాలెండర్ దిక్కు చూడకు." చక్రాల మంచం మీదికి మారుతూ ఇంకేదో చెప్పాలనుకుంది. గుడ్డు చూడడం మాటల్లో చెప్పగలిగే సంగతి కాదు కదా అనిపించి ఊరుకుంది. మంచం కదిలింది. తలుపుల దాకా ప్రణీత పక్కనే నడిచింది, తర్వాత తలుపులు మూసుకున్నాయి.

మెలకువ వచ్చేసరికి ఎల్లమ్మకు మొదట తెలిసింది దాహం. నాలుక పిడచకట్టుకుపోయింది. కడుపు మీద ఎవరో బరువు పెట్టినట్టుంది. రెప్పలు అతికష్టం మీద విప్పితే, కిటికీ వెలుగులో ప్రణీత కనబడింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఫోన్‌ను రెండు చేతులతో ముఖానికి దగ్గరగా పట్టుకుని ఉంది. ఉరుములు ఆగి ఉంటాయి, ఆయన ప్లగ్గు పెట్టి ఉంటాడు, పెట్టె తన చోట్లో తాను కూర్చుని ఉంటుంది. ప్రణీత కదలడం లేదు. అసలు ఊపిరి పీలుస్తున్నట్టే లేదు.

నీళ్లడగబోయిన ఎల్లమ్మ ఆగిపోయింది. ఆ కూర్చోవడం ఆమెకు తెలుసు. పెరటి గదిలో తను అట్లా కూర్చుని ఎన్ని మధ్యాహ్నాలు గడిపిందో. పిలిస్తే పిల్ల తల తిప్పుతుంది. తల తిప్పితే గుడ్డు కదిలిపోతుంది. ఎండిన గొంతుతోనే ఎల్లమ్మ మాట్లాడకుండా పడుకుంది.

ఉన్నట్టుండి ప్రణీత భుజాలు అదిరాయి. బొటనవేలు బటన్ మీదికి పోయింది. పోయి, అక్కడే గాల్లో ఆగింది.

ఒత్తు, ఒత్తు బిడ్డా అని ఎల్లమ్మ మనసులో అరిచింది. ప్రణీత ఒత్తలేదు. ఇంకా చూస్తోంది. అప్పుడు ఎల్లమ్మకు అర్థమైంది. అర ఒరిగినప్పుడు గుడ్డు ఊగితే అది కూడా కదలికలాగే కనబడుతుంది. తొందరపడినవాళ్లు అక్కడే మోసపోతారు. తను కూడా మొదటి కదలికకు ఎన్నడూ ఒత్తదు, అర నిమ్మళించాక రెండోసారి కోసం చూస్తుంది. ఆ సంగతి ఆమె ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని కూడా తట్టలేదు. ఈ పిల్ల గడప అవతల నిలబడి ఎన్నాళ్లుగా తనను చూస్తే ఆ సంగతి పట్టింది?

ప్రణీత పెదాలు విచ్చుకున్నాయి. బొటనవేలు మెల్లగా, గట్టిగా కిందికి దిగింది.

"జర నీళ్లు" అంది ఎల్లమ్మ.

ప్రణీత ఉలిక్కిపడి లేచింది. "ఎప్పుడు లేచిన్రు అత్తమ్మా? నన్ను పిలవకపోయిన్రా! నీళ్లు ఇప్పుడే వద్దన్నరు, పెదాలు తడుపుత." దూది తడిపి అత్త పెదాలకు అద్దుతూనే గబగబా చెప్పుకొచ్చింది. "కదిలింది అత్తమ్మా, నడిమి వరుసల గుడ్డు. రెండోసారి కదిలినంకనే ఒత్తిన. మిమ్మల్ని అడుగుదామంటే మీరు లేవకపోతిరి, అది ఆగకపాయె. తప్పు చేసిన్ననా?"

"నేనున్నా గప్పుడే ఒత్తుదును" అంది ఎల్లమ్మ. మాట సన్నగా వచ్చింది. "కాదు, నేనైతే తొందరపడుదునేమో ఇయ్యాల. నువ్వు పడలే. నా అసొంటి కండ్లు ఇంకెవ్వలకు లేవనుకున్న ఇన్నేండ్లు. నీకు ఉన్నయి బిడ్డా."

ప్రణీత కళ్లు తుడుచుకుని, పేజీ తెరిచి ఉన్న ఫోన్‌ను అత్త చేతికి ఇవ్వబోయింది. ఎల్లమ్మ చేయి చాపలేదు.

"నీ కాడనే ఉండనియ్యి. పిల్లలు లేసేదాక నువ్వే చూడు" అని చెప్పి కళ్లు మూసుకుంది.